పాలివారా, జీతగాళ్ళా? ఎడిన్‌బరోలో అజరయ్య గారి ప్రసంగము: ఒక విమర్శనాత్మక పఠనము

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1910 జూన్ 20వ తేదీ సాయంకాలము ఎడిన్‌బరోలో చేసిన ప్రసంగము మన సెమినరీలలో పేరు తెలియనివారు లేరు, చదివినవారు తక్కువ. నేను బి.డి. విద్యార్థిగా ఉన్నప్పుడు అది సంఘ చరిత్రలో ఐదు మార్కుల ప్రశ్న. ఒక భారతీయుడు తెల్లవారి ముఖము మీదనే వారి తప్పు చెప్పి, మాకు స్నేహితులు కావాలని అడిగాడు అని నాలుగు వాక్యములు వ్రాస్తే మార్కులు వచ్చేవి. నాకు వచ్చాయి కూడా. ప్రసంగము పూర్తి పాఠము మాత్రము నా నలభై ఏడవ యేట, ఒక గ్రంథాలయములో ఆ మహాసభ నివేదికల తొమ్మిదవ సంపుటము తెరిచినప్పుడు గాని చదవలేదు. ఆ పాఠమును శ్రద్ధగా చదివితే మన వేదికల మీద వినిపించే అజరయ్య గారికి, అచ్చులో కనిపించే అజరయ్య గారికి మధ్య కొంత ఎడమున్నదని తెలుస్తుంది. ఆ ఎడమును చూపుట, ఆ తరువాత ఆ ప్రసంగమునే పౌలు పత్రికల యెదుట నిలబెట్టి దాని బలమును, లోపమును తూచుట ఈ వ్యాసములో నేను చేయదలచిన పని.

సందర్భము క్లుప్తముగా చెప్పుకుందాము. ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభ 1910 జూన్ 14 నుండి 23 వరకు జరిగింది. పన్నెండు వందలమందికి పైగా ప్రతినిధులు హాజరయ్యారు. వారిలో ఆసియా వాసులు ఇరవై మందికి మించరు. అజరయ్య గారికి అప్పటికి ముప్పై ఐదేండ్లు. వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పద్నాలుగు సంవత్సరములు దేశమంతా తిరిగి, 1909లో గురువుగా అభిషేకము పొంది, తిరునెల్వేలి సంఘములు 1903లో స్థాపించుకొన్న ఇండియన్ మిషనరీ సొసైటీ పక్షముగా నిజాము రాజ్యములోని దోర్నకల్‌కు వచ్చిన మనిషి. తమిళుడు, నాడార్ కుటుంబములో పుట్టినవాడు, తెలుగును పరాయి భాషగా కూర్చొని నేర్చుకొన్నవాడు. ఆయనకిచ్చిన అంశము విదేశీ సేవకులకును స్వదేశీ సేవకులకును మధ్య సహకారము అనేది.

మన ప్రసంగీకులు సాధారణముగా వదిలివేసే భాగము ఆరంభములోనే ఉన్నది. మంచి మిషనరీలున్నారని, తాను చెప్పబోయేది వారికి వర్తించదని ఆయన ముందుగానే ఒప్పుకొంటారు. ఇది మర్యాద కోసము చెప్పిన మాట కాదు. అమెరికా దేశస్థుడైన షేర్వుడ్ ఎడ్డీ ఆయనకు ప్రాణ స్నేహితుడు. ఇద్దరూ కలిసి ప్రయాణము చేసి, కలిసి పనిచేసినవారు. 1919లో తరంగంబాడిలో సంఘ ఐక్యతను గూర్చి కొద్దిమంది సేవకులు కూడుకొన్నప్పుడు కూడ ఇద్దరూ అక్కడున్నారు. కాబట్టి ఎడిన్‌బరోలో మాట్లాడినవాడు స్నేహము రుచి ఎరుగనివాడు కాడు. ఎరిగినవాడు గనుకనే తక్కినచోట్ల అది లేదని గుర్తుపట్టగలిగాడు.

తరువాత ఆయన రోగము పేరు చెబుతారు. ఇద్దరు సేవకులు ఒకే పని చేస్తున్నా వారి మధ్య ఎడము ఉన్నది, మనసు విప్పి మాట్లాడుకొనుట లేదు. ఎందుకు? ఒకడు జీతమిచ్చేవాడు, ఒకడు పుచ్చుకొనేవాడు. అది యజమానికి పనివానికి మధ్యనుండే సంబంధము. కరచాలనము, కూర్చోమని కుర్చీ చూపుట, భోజనమునకు పిలుచుట, టీ ఇచ్చుట, వీటిని ఆయన ఒక్కొక్కటిగా పేర్కొంటారు. అయితే వెంటనే ఒక షరతు పెడతారు. మర్యాదల కోసము తాను దేబిరించడము లేదట. స్నేహభావము వాటిలో వ్యక్తమయ్యేటట్లయితే మాత్రము అవన్నీ కావాలంటారు, అంతకంటె ఎక్కువే కావాలంటారు. చివర మొదటి కొరింథీ పదమూడవ అధ్యాయమును తలపింపజేసి, మిషనరీల త్యాగములను ఘనపరచి, ప్రేమను కూడ అడిగి, స్నేహితులను ఇమ్మని ముగిస్తారు.

వేదిక మీద మనకు వినిపించేది ఆ చివరి మాట ఒక్కటే. మధ్యలోని జీతము మాట వినిపించదు. దానివలన ప్రసంగము తెల్లవారికి నల్లవారికి మధ్య వ్యవహారముగా మిగిలిపోయింది. తెల్లవారు వెళ్ళిపోయారు గనుక అది తీరిపోయిన వ్యవహారముగా కూడ మారింది. 2010లో శతాబ్ది జ్ఞాపకముగా మనవారు చేసిన సభలలో నేను కూర్చొన్నవాటిలో ఈ ప్రసంగము మన పూర్వికుని ధైర్యమునకు గుర్తుగానే ఎత్తబడింది. చప్పట్లు కొట్టాము. ఆ హాలులో వెనుక వరుసలలో ప్లాస్టిక్ కుర్చీల మీద మా గ్రామ ఉపదేశకులు కూర్చొనియున్నారు, ముందు వరుస సోఫాలలో మేమున్నాము. అజరయ్య గారు కుర్చీని గూర్చి చెప్పిన సంగతి ఆనాడు నాకు తట్టలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. దానిని దాచి ఈ విమర్శ వ్రాస్తే వ్యాసము అబద్ధమవుతుంది.

నేను ఒక పాస్టరేటులో పదకొండు సంవత్సరములు పనిచేశాను. దాని కింద తొమ్మిది గ్రామ సంఘములు. అందులో దూరపు మూడు గ్రామములు చూచే ఉపదేశకుడు ఒకాయన, నాకంటె పదేండ్లు పెద్ద. ప్రతి నెల మొదటి వారములో సైకిలు మీద వచ్చేవారు. మా వరండాలో నిలబడి ఆ నెల బాప్తిస్మములు, రోగులు, తగాదాలు చెప్పేవారు. నేను కవరు ఇచ్చేవాడిని, ఆయన వోచరు మీద సంతకము పెట్టేవారు. ఎండలో వచ్చారని మజ్జిగ ఇచ్చేవాళ్ళము, అదీ వరండాలోనే. నేను ఆయనను ఎన్నడూ కసరలేదు. కవరు ఒక్క నెల ఆలస్యము చేయలేదు. ఆయన పెద్దకుమార్తె పెండ్లికి వెళ్ళి ప్రార్థన చేసి, వేరొక కూడిక ఉన్నదని చెప్పి భోజనము చేయకుండా వచ్చేశాను. నిజముగానే కూడిక ఉన్నది, అయితే అది సాయంత్రము. ఆయన జబ్బుపడి జిల్లా కేంద్రములో ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆయన భార్య మా ఇంటావిడతో అన్నారట: "పదకొండేళ్ళు తిరిగారమ్మగారూ మీ ఇంటికి. లోపల ఎట్లా ఉంటదో చెప్పమంటే, నేను వరండా దాకే గదా అనేవారు." ఆమె ఫిర్యాదుగా అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది. ఆయన తిరిగి లేవలేదు.

తొమ్మిదవ సంపుటము చదివినది ఆ తరువాత సంవత్సరమే. కరచాలనము, కుర్చీ, భోజనము, టీ అని చదువుతూ ఉండగా మిషనరీ స్థానములో నేను కనిపించాను. రంగు తప్ప తక్కినదంతా సరిపోయింది.

ఇక మాటల సంగతికి వస్తాను. సేవకుల మధ్యనుండే బంధమును చెప్పుటకు మనము నేడు వాడేది సహవాసము అనే ఒక్క మాట. సహవాస కూడిక, సహవాస విందు, సేవకుల సహవాసము, అన్నిటికి అదే. సంస్కృత పదము, కలిసి ఉండుట అని అర్థము. లోకవ్యవహారములో అది చేరికకు, సాంగత్యమునకు సరిపోయే మాట. ఆరు నెలలు సావాసము చేస్తే వారు వీరవుతారని ఊరిలో అంటారు గదా, ఆ సావాసము ఇదే. గ్రీకులోని కొయినోనియ అనే మాటకు మన పాత అనువాదము అపొస్తలుల కార్యముల రెండవ అధ్యాయములోను, యోహాను మొదటి పత్రికలోను దీనినే వాడింది.

కాని అదే అనువాదకులు ఫిలిప్పీ పత్రికకు వచ్చేసరికి వేరొక మాట పట్టుకొన్నారు. మొదటి అధ్యాయము అయిదవ వచనములో సువార్త విషయమై ఫిలిప్పీయులు పౌలుతో పాలివారు. ఏడవ వచనములో కృపలో పాలివారు. మూడవ అధ్యాయము పదవ వచనములో క్రీస్తు శ్రమలలో పౌలు పాలివాడు. నాలుగవ అధ్యాయములో శ్రమలో పాలుపుచ్చుకొనుట, ఇచ్చు పుచ్చుకొను విషయములో పాలివారగుట. సహవాసము అనే మాట ఆత్మను గూర్చి చెప్పిన రెండవ అధ్యాయపు మొదటి వచనములో కనబడుతుంది. లూకా అయిదవ అధ్యాయములో సీమోనుతో చేపలు పట్టే జెబెదయి కుమారులు కూడ పాలివారే. అక్కడ గ్రీకు మాట కొయినోనోస్, వ్యాపార భాగస్థుడు. దోనె, వల, చేప, అప్పు, అన్నిటిలో వాటా ఉన్నవాడు.

పాలు అంటే వాటా. కోస్తాలో పాలివాళ్ళు, తెలంగాణలో పాలోళ్ళు అంటే దాయాదులు. ఒకే తాత ఆస్తిలో భాగమున్నవారు. ఒకరింట చావు జరిగితే అందరికీ మైల అంటుతుంది. గట్టు దగ్గర కొట్లాడుకొనేవారు వీరే, పాడె మోసేవారూ వీరే. ఈ మాటను ఎన్నుకొన్న అనువాదకులు దాని మంచి చెడు రెండూ తెలిసే ఎన్నుకొన్నారో లేదో గాని, ఇంతకంటె సరియైన మాట దొరకదని నా అభిప్రాయము. పాలివానిని మనము ఎన్నుకోము. నచ్చలేదని మానుకొనుటకూ వీలు లేదు. సహవాసమైతే మానుకోవచ్చును, కూడిక ముగిసిన తరువాత ఎవరి బండి వారు ఎక్కి వెళ్ళిపోవచ్చును. మన ప్రసంగములలో పాలివారు అనే మాట ఎందుకు జారిపోయిందో ఆలోచిస్తే, దానికి లెక్క అడిగే గుణమున్నది గనుక అని నాకు తోస్తుంది.

ఫిలిప్పీ పత్రికలో ఈ వాటా ఎంతవరకు వెళ్ళిందో ఎపఫ్రొదితు విషయములో చూడవచ్చును. సంఘము పంపిన సొమ్ము తీసికొని వచ్చి, పౌలుకు ఉపచారము చేస్తూ చావునకు సిద్ధమైనంతగా రోగియైన మనిషి. పౌలు అతనికి ఒకేచోట ఐదు పేర్లు పెడతాడు. వాటిలో మూడు తనతో కలిపినవి, రెండు అతనిని పంపిన సంఘముతో కలిపినవి. జతపనివాడు అనేది మొదటి మూడింటిలో ఉన్నది. కానుక తెచ్చిన మనిషి అపొస్తలునితో సమానముగా ఒకే కాడి కిందికి వచ్చాడు. మోసుకొని వచ్చినవాడే గదా అని పౌలు అతనిని వరండాలో నిలబెట్టలేదు.

జతపనివాడు అనే తెలుగు మాటను గూర్చి ఒక చిన్న పక్కదారి. గ్రీకులో ఇది సునెర్గోస్, కలిసి పనిచేయువాడు. అందులో జత లేదు. జత ఎడ్లను చూచిన తెలుగువాడు ఆ జతను తెచ్చి పెట్టాడు. దీనికి విరుద్ధముగా నాలుగవ అధ్యాయము మూడవ వచనములో పౌలు వాడినది సుజుగోస్, నిజముగా ఒకే కాడి మోయువాడు అని అర్థము. అక్కడ మన అనువాదము సహకారి అన్నది. అదే వచనములో వచ్చే సునెర్గోస్‌కు కూడ సహకారులనే అన్నది. కాడి ఉన్నచోట కాడి పోయింది, లేనిచోట వచ్చింది. నష్టమేమిటంటే, ఆ వచనములో పౌలు అడిగేది మాట పట్టింపు వచ్చిన ఇద్దరు స్త్రీలకు, యువొదియకును సుంటుకేకును, సహాయము చేయుమని. ఇద్దరూ సువార్తలో అతనితో ప్రయాసపడినవారు. పరిచర్యలో కలిసి పనిచేసేవారి తగాదాను తీర్చుటకు బయటి పెద్దమనిషిని పిలువలేదు, తనతో ఒకే కాడి మోసే మనిషిని పిలిచాడు. సహకారి అనేసరికి ఆ సూక్ష్మము మనకు అందకుండా పోయింది.

ఇప్పుడు అజరయ్య గారి ప్రసంగమును ఈ పత్రిక యెదుట పెడితే నాకు కనిపించే లోపము ఇది. ఆయన రోగమును జీతముల పట్టిక దగ్గర కనిపెట్టారు, మందును మాత్రము భోజనపు బల్ల దగ్గర అడిగారు. ఇచ్చేవాడు పుచ్చుకొనేవాడు అనే సంబంధము స్నేహమును చంపుతుందని చెప్పారు. నిజమే. స్వదేశీయులకు బాధ్యత అప్పగించవలెనని కూడ కోరారు. అయినా ప్రసంగపు బరువంతా చివరికి ఇమ్మని అడుగుట మీదనే పడింది. అడిగేవాడు కింద ఉంటాడు, ఇచ్చేవాడు పైన ఉంటాడు. స్నేహమును కూడ జీతము లాగే పైనుండి కిందికి పంచే వస్తువుగా ఆ వాక్యము చేస్తుంది. పౌలు, ఫిలిప్పీయుల మధ్య డబ్బు అడ్డు రాలేదు సరికదా, వారి బంధము డబ్బు గుండానే నడిచింది. కొరింథువారి దగ్గర పౌలు జీతము పుచ్చుకోలేదు, తన అక్కరను మాసిదోనియ సహోదరులు తీర్చారని ఆ కొరింథువారికే వ్రాశాడు. అతడు ఎవరితో మనసు విప్పాడో వారి దగ్గరే చేయి చాపాడు. కాబట్టి సొమ్ము ఉన్నచోట స్నేహము ఉండదనే సూత్రము నిలువదు. ఆ సొమ్ము లెక్క ఇద్దరికీ తెలిసియున్నదా, ఆ వాటా ఇద్దరిదా అన్నది చూడవలసియున్నది.

అయితే ఈ విమర్శకు నేనే ఒక అభ్యంతరము చెప్పుకోవాలి. మన దేశములో భోజనపు బల్ల చిన్న విషయమా? ఎవరి చేతి నీళ్ళు ఎవరు త్రాగుతారు అన్నదే మనిషి విలువగా ఉన్న నేల ఇది. దోర్నకల్ డయాసిస్‌లో మాల, మాదిగ విశ్వాసుల మధ్య ఎడమును అజరయ్య గారు 1912లో బిషప్పు అయిన నాటినుండి ఎదుర్కొంటూనే ఉన్నారు. పంక్తి భోజనము అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. స్కాట్లండులో వినినవారికి అది టీ పార్టీ మర్యాదగా వినబడి ఉండవచ్చును గాని, మాట్లాడినవాని నోట దాని బరువు వేరు.

గలతీ పత్రిక రెండవ అధ్యాయము ఈ బరువును పౌలు కూడ ఎరిగియున్నాడని చూపిస్తుంది. తొమ్మిదవ వచనములో స్తంభములవంటివారు పౌలుకు, బర్నబాకు కుడిచెయ్యి ఇచ్చారు. మన అనువాదము ఇక్కడ కూడ పాలివారు అనే మాటనే వాడింది. పదవ వచనములో బీదలను జ్ఞాపకము చేసికొనుట, అనగా సొమ్ము సంగతి. పన్నెండవ వచనానికి వచ్చేసరికి అంతియొకయలో కేఫా అన్యజనులతో భోజనము మాని వెనుకకు తీసినాడు. పదమూడులో బర్నబా కూడ అదే దారి పట్టాడు. చెయ్యి, సంచి, బల్ల, మూడూ నాలుగు వచనములలోనే వచ్చాయి. చెయ్యి కలిపి, సొమ్ముకు ఒప్పుకొని కూడ బల్ల దగ్గర తప్పిపోవచ్చునని కేఫా కథ చెబుతుంది. నా వరండా సరిగ్గా అక్కడిదే. అందుచేత అజరయ్య గారు బల్లను పట్టుకొనుట తప్పు కాదు. బల్లను పట్టుకొని సంచిని వదిలారన్నంత వరకే నా విమర్శ నిలుస్తుంది.

ఆయన తానే బిషప్పు అయి, గ్రామ ఉపాధ్యాయులను భార్యలతో సహా దోర్నకల్‌కు రప్పించి శిక్షణ ఇచ్చారు. 1945 జనవరి 1న అక్కడే కన్నుమూసేవరకు వేలాది పేద విశ్వాసుల సంఘములకు అధికారిగా ఉన్నారు. ఎడిన్‌బరోలో అడిగినవాని స్థానమునుండి ఇచ్చేవాని స్థానమునకు వచ్చారు. ఆయన కింద పనిచేసిన ఒక గ్రామ ఉపాధ్యాయుడు లేచి అదే ప్రసంగము ఆయన యెదుట చేసి ఉంటే ఎలా ఉండేది? సుజన్ బిల్లింగ్టన్ హార్పర్ గారు 2000లో ఆయన మీద ప్రచురించిన పెద్ద గ్రంథము ఆ కాలమును గూర్చి మనకు మేలైన ఆధారము. కాని ఉపాధ్యాయుల వైపునుండి, తెలుగులో, వారి డైరీలు, ఉత్తరములు, సంఘ రిజిస్టర్ల ఆధారముగా వ్రాయవలసిన పని మన విద్యార్థులదే. థీసిస్ అంశములు దొరకవని నా దగ్గరకు వచ్చే పిల్లలకు ఇదే చెబుతున్నాను. పాత పాస్టరేటు పెట్టెలలోని రసీదు పుస్తకములను చెదలు తినక ముందే చూడండి. ఎవరు ఎంత పుచ్చుకొన్నారు, ఎవరు సంతకము పెట్టారు, ఎవరు వేలిముద్ర వేశారు, అందులోనే మన సహవాస చరిత్ర ఉన్నది.

రసీదు మాట వచ్చింది గనుక ఫిలిప్పీ నాలుగవ అధ్యాయము పద్దెనిమిదవ వచనముతో ముగిస్తాను. తనకు అంతా ముట్టిందని చెప్పుటకు పౌలు అక్కడ వాడిన అపెఖో అనే క్రియ ఆనాటి పపైరసు రసీదులలో సొమ్ము ముట్టినట్లు వ్రాసే మాట. అపొస్తలుడు చెరలో కూర్చొని సంఘమునకు రసీదు వ్రాసి ఇస్తున్నాడు. మా పాస్టరేటు పెట్టెలో పదకొండు సంవత్సరముల వోచర్లు ఉన్నాయి, నూట ముప్పై పైచిలుకు. అన్నిటి మీద ఆయన సంతకమే ఉన్నది. ఆయన మూడు గ్రామముల కానుక ప్రతి నెలా చేతి రుమాలులో కట్టి తెచ్చి నాకు అప్పగించేవారు. దానికి నేను ఆయనకు వ్రాసి ఇచ్చిన రసీదు ఒక్కటి కూడ లేదు.